పాత లాగింగ్ ట్రక్కులు, వాటి ట్రెయిలర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా వాయవ్య తీరంలో ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలు, వాటి పైన కెనడాలో బ్రిటిష్ కొలంబియా. ఈ కొండల మీది నుంచి మహావృక్షాల దుంగలను కిందికి దించిన పాత లారీల గురించి నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. 1910ల నుంచి 1970ల దాకా వచ్చిన బళ్ల గురించే ఈ మాటలన్నీ. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి వదిలేశాను. ట్రెయిలర్ దగ్గర, బ్రేకుల దగ్గర మాత్రం నోరు ఆగలేదు.

దుంగలు మోసే లారీయే కదా, అంత ప్రత్యేకత ఏముంది?

మామూలు సరుకు లారీకి ఎక్కుడు కష్టం, దీనికి దిగుడు కష్టం. చెట్లేమో కొండ మీద, మిల్లేమో కింద నది పక్కనో సముద్రపు ఒడ్డునో. అంటే ఖాళీగా ఎక్కి నిండుగా దిగాలి. ఇంజన్‌కి ఇది సుఖమే, ప్రాణాలన్నీ బ్రేకుల మీదే. కేబిన్ వెనక నీళ్ల ట్యాంకు, రెండు గేర్ లివర్లు, వీపు మీద ట్రెయిలర్ మోసుకుంటూ కొండెక్కడం... ఈ బళ్లలో మనకు వింతగా కనిపించేవి చాలావరకు ఈ ఎక్కుడు దిగుళ్ల లెక్కలోంచి వచ్చినవే.

ట్రక్కులు రాకముందు దుంగలు ఎలా దించేవారు?

మొదట ఎద్దులతో. అడ్డంగా పరిచిన కర్రల బాట మీద గ్రీజు పూసి ఈడ్పించేవారు. 1881లో జాన్ డాల్‌బీర్ కాలిఫోర్నియాలో ఆవిరి డాంకీ ఇంజన్ తయారుచేశాడు. దుంగను తాడుతో లాక్కునే యంత్రం అది. ఆ తర్వాత అడవి రైళ్లు వచ్చాయి. షే అనే గేర్ ఇంజన్ ఏ మామూలు రైలు ఇంజనూ పోలేని వంకర పట్టాల మీద కూడా పాకుతూ పోయేది.

అంతా బాగానే ఉంది కానీ పట్టాలు వేయడం ఖరీదైన పని. ఓ లోయలో చెట్లన్నీ కొట్టేశాక ఆ పట్టాలు పీకి ఇంకోచోట వేయాలి. పైగా రైలు ఎక్కువ వాలు తట్టుకోదు. ట్రక్కు అయితే నూరడుగులకు 15, 20 అడుగులు పడిపోయే వాలులో కూడా దిగుతుంది. 1930లలో ముందు బ్లేడు ఉన్న బుల్‌డోజర్లు వచ్చి కొండ చెక్కి రోడ్డు వేయడం చవకైపోయాక రైలు పని దాదాపు అయిపోయింది. దాదాపు అనే అంటున్నాను, ఎందుకంటే బ్రిటిష్ కొలంబియాలోని వాంకూవర్ దీవిలో ఎంగిల్‌వుడ్ లాగింగ్ రైలు 2017 దాకా నడిచింది. ఉత్తర అమెరికాలో చివరిది అదే.

మొట్టమొదటి లాగింగ్ ట్రక్కులు ఎలా ఉండేవి?

గట్టి రబ్బరు టైర్లు, వెనక చక్రాలకు చెయిన్ డ్రైవ్, కొన్నింటికి కేబిన్ తలుపు కూడా ఉండేది కాదు. ఆ టైర్లు బురదలో ఒక్క అడుగు కదలవు. అందుకని పొడుగాటి చెక్కలు, దుంగలు రెండు వరుసలుగా పరిచి, చక్రాలు వాటి మీదే పోయేలా బాట వేసేవారు. ఒకరకంగా చెక్కతో వేసిన పట్టాలే. వాన పడితే ఆ చెక్క సబ్బులా జారేది, డ్రైవర్లు దాని మీద ఇసుక చల్లుకుంటూ, తాళ్లు బిగించుకుంటూ నెట్టుకొచ్చేవారు.

మొదటి ప్రపంచ యుద్ధం వీటికి ఊపు ఇచ్చింది. విమానాల చట్రాలకు సిట్కా స్ప్రూస్ కలప కావాల్సి వచ్చి, 1917లో అమెరికా సైన్యం స్ప్రూస్ ప్రొడక్షన్ డివిజన్ పెట్టి సైనికులను ఈ అడవుల్లోకి పంపింది. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన సైనిక ట్రక్కులు లాగింగ్ వాళ్ల చేతికొచ్చాయి. రెండో యుద్ధం తర్వాత కూడా ఇదే కథ.

ఏ కంపెనీల బళ్లు పేరున్నవి?

సియాటిల్‌లో పుట్టిన కెన్‌వర్త్‌కి పెద్ద పీట. 1923లో ఆ పేరు పెట్టుకుంది. కెంట్, వర్తింగ్టన్ అనే ఇద్దరి పేర్లు కలిపి చేసిన మాట అది. 1933లోనే డీజిల్ ఇంజన్‌ను కంపెనీ నుంచే బిగించి ఇచ్చిన మొదటి అమెరికా ట్రక్కు కంపెనీ కూడా అదే. మ్యాక్, వైట్, ఆటోకార్, డైమండ్ టి అందరికీ తెలిసినవే. స్టెర్లింగ్ గురించి ఓ మాట చెప్పాలి. మిగతావాళ్లందరూ చెయిన్లు వదిలేశాక కూడా 1950ల మొదటి దాకా చెయిన్ డ్రైవ్ బళ్లు అమ్మింది. పాతకాలపు మొండితనం కాదు అది. చక్రం దగ్గరే గేర్ తగ్గింపు దొరుకుతుంది, అంటే చక్రం నెమ్మదిగా, కానీ బలంగా తిరుగుతుంది, తెగిన చెయిన్‌ను అడవిలోనే మార్చుకోవచ్చు.

నా మనసు మాత్రం వాంకూవర్ బళ్ల మీదే. హేస్ 1920లో హేస్-ఆండర్సన్ పేరుతో మొదలైంది. దాని హెచ్‌డీఎక్స్ మోడల్ ముందు నిలబడితే బంపర్ మన నడుముకి వస్తుంది. హేస్‌లో పనిచేసినవాళ్లే బయటికొచ్చి 1947లో పసిఫిక్ ట్రక్ అండ్ ట్రెయిలర్ పెట్టారు. ఈ రెండు కంపెనీలూ కొండ దిగే బండి ఎలా ఉండాలో డ్రైవర్లను అడిగి కట్టాయేమో అనిపిస్తుంది, అంత పనితనం. హేస్ 1975లో మూతపడింది, పసిఫిక్ కూడా 1990ల తొలినాళ్లలో కనుమరుగైంది.

పీటర్‌బిల్ట్ కంపెనీ దుంగల కోసమే పుట్టిందంటారు, నిజమేనా?

నిజమే. టి.ఏ. పీటర్‌మన్ టకోమాలో ప్లైవుడ్ వ్యాపారి. తన దుంగలు మోయడానికి సరైన బళ్లు లేవని ఓక్లాండ్‌లోని ఫేజోల్ ట్రక్కు ఫ్యాక్టరీనే కొనేశాడు. మొదటి పీటర్‌బిల్ట్ 1939లో వచ్చింది. పుట్టింది అడవి కోసం, పేరు తెచ్చుకుంది హైవే మీద.

హైవే బండి, ఆఫ్-హైవే బండి అంటారు. తేడా ఏమిటి?

హైవే బండి ప్రభుత్వ రోడ్డు మీద నడుస్తుంది కాబట్టి ఆ రోజుల్లో 8 అడుగుల వెడల్పు, బరువు పరిమితి వగైరా పాటించాల్సి వచ్చేది. అమెరికా అంతర్రాష్ట్ర రహదారుల మీద ఆ పరిమితి 1956 చట్టం ప్రకారం 73,280 పౌండ్లు, 1974 చట్టంతో 80,000 పౌండ్లు అయింది. అంటే బండి, సరుకు అన్నీ కలిపి 36 టన్నుల పైచిలుకు.

ఆఫ్-హైవే బండికి ఈ గొడవలేవీ లేవు. కంపెనీ సొంత రోడ్డు, కొండ మీద మొదలై సముద్రం దగ్గర ఆగిపోతుంది. దుంగలు పేర్చే అడ్డకమ్మి వెడల్పు 12 నుంచి 16 అడుగుల దాకా ఉంటుంది. దుంగల బరువే 100 టన్నులు దాటిన సందర్భాలున్నాయి. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి. హైవే బండి మీద దుంగల కుప్ప కేబిన్ వెడల్పులోనే ఉంటుంది. ఆఫ్-హైవే బండి మీద కేబిన్ రెండు పక్కలా దుంగలు పొడుచుకొచ్చి, కేబిన్ ఓ అగ్గిపెట్టెలా కనిపిస్తుంది.

ట్రెయిలర్‌కి నేల ఏదీ? అది సగంలో ఆపేసిన బండిలా ఉందేంటి?

చాలామంది అడిగే ప్రశ్న, నాకు ఇష్టమైన ప్రశ్న కూడా. దీన్ని పోల్ ట్రెయిలర్ అంటారు. రెండు ఇరుసులు, వాటి మీద ఒక అడ్డకమ్మి, ముందుకి పొడుచుకొచ్చిన ఒక పొడుగాటి ఉక్కు గొట్టం, అంతే. ఆ అడ్డకమ్మిని బంక్ అంటారు, ఆ గొట్టాన్ని రీచ్ అంటారు. ట్రక్కు వెనక భాగం మీద ఇలాంటిదే ఇంకో బంక్ ఉంటుంది. దుంగల ముందు కొసలు ట్రక్కు బంక్ మీద, వెనక కొసలు ట్రెయిలర్ బంక్ మీద ఆనతాయి. మధ్యలో నేల అవసరమే లేదు, ఎందుకంటే దుంగలే నేల. సరుకే బండికి వెన్నెముక అవుతుంది.

ఇక మలుపు సంగతి. బంక్ కదలకుండా బిగించి ఉంటే మలుపులో దుంగలైనా విరగాలి, ఛాసీ (బండి చట్రం) అయినా విరగాలి. అందుకే రెండు బంక్‌లూ మధ్యలో ఒక పెద్ద పిన్ మీద తిరుగుతాయి. రీచ్ తగిలే కొక్కెం ట్రక్కు బంక్ కింద కాకుండా, ఛాసీ చివర్నుంచి వెనక్కి పొడుచుకొచ్చిన ముక్కు మీద ఉంటుంది. ట్రక్కు ఎడమకి తిరిగితే ఆ ముక్కు కుడికి జరుగుతుంది, ట్రెయిలర్‌ను కాస్త బయటివైపు లాగుతుంది. దాంతో ట్రెయిలర్ చక్రాలు మలుపు లోపలివైపు కోసుకుని పోకుండా ట్రక్కు జాడలోనే వస్తాయి. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ ఉన్న రోడ్డులో ఆ రెండడుగుల తేడాయే ప్రాణం.

దీంతో ఓ చిక్కు వస్తుంది. బంక్‌ల మధ్య దూరం దుంగల వల్ల మారదు, కానీ మలుపులో కొక్కెం నుంచి ట్రెయిలర్‌కి దూరం మారుతుంది. కాబట్టి రీచ్ ఒక ఉక్కు తొడుగులో ముందుకీ వెనక్కీ జారుతుంది. ఆ తొడుగును కాంపెన్సేటర్ అంటారు. నేరుగా పోయేటప్పుడు అది ఏ పనీ లేనట్టు ఉంటుంది, మలుపు వస్తే చాలు, గొట్టం అటూ ఇటూ జారుతూనే ఉంటుంది.

ఖాళీగా వెళ్లేటప్పుడు ట్రెయిలర్‌ను ట్రక్కు వీపు మీద ఎక్కిస్తారెందుకు?

మూడు లాభాలు. బండి పొడవు సగానికి సగం తగ్గి ఇరుకు చోట తిప్పుకోవచ్చు. ట్రెయిలర్ బరువు ట్రక్కు వెనక చక్రాల మీద పడి బురద ఎక్కుడులో పట్టు వస్తుంది. ట్రెయిలర్ టైర్లు అరగవు. దుంగలు ఎక్కించే క్రేన్‌తోనే దాన్ని కిందికి దించి, రీచ్ తగిలించి, బ్రేకుల గాలి గొట్టాలు కలిపి లోడింగ్ మొదలుపెడతారు. పాత ఫోటోల్లో కేబిన్ పైనుంచి తుపాకీలా పొడుచుకొచ్చి కనిపించేది ఆ రీచ్ గొట్టమే.

దుంగలు పక్కకి దొర్లిపోకుండా ఏది ఆపుతుంది?

బంక్ రెండు చివరల్లో నిలువు కమ్మీలు ఉంటాయి, వాటిని స్టేక్‌లంటారు. లోడ్ చుట్టూ చెయిన్లు గానీ ఉక్కు తాళ్లు గానీ చుట్టి, లివర్‌తో బిగిస్తారు. బంక్ పైభాగం నున్నగా ఉండదు, పళ్లలాంటి ఉక్కు గట్టు ఉంటుంది. దుంగ బరువుకి బెరడులో అది దిగబడిపోతుంది. కేబిన్ వెనక బలమైన ఉక్కు అడ్డు పెడతారు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు దుంగ ముందుకి జారినా డ్రైవర్‌ని చేరకుండా.

దించేచోటే ఎక్కువ ప్రమాదం. స్టేక్ వదిలితే దుంగలు ఒక్కసారి కూలతాయి కదా. అందుకని ఒక పక్క స్టేక్‌ను వదిలే మీట ఎదుటి పక్కన పెట్టారు. మనిషి ఒకవైపు మీట లాగితే దుంగలు రెండోవైపు నీళ్లలోకి దొర్లుతాయి. చిన్న ఏర్పాటే, కానీ ఎన్ని ప్రాణాలు కాపాడిందో.

పాత వీడియోల్లో చక్రాల నుంచి పొగ వస్తోంది. బండి కాలిపోతోందా?

అది పొగ కాదు, ఆవిరి. బ్రేకు డ్రమ్ముల మీద నీళ్లు పోస్తూ దిగుతున్నాడన్నమాట.

ఓ లెక్క వేద్దాం. మొత్తం 100 టన్నుల బండి 300 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. వేగం పెరగకూడదంటే దాదాపు 29 కోట్ల జౌళ్ల శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఇంజన్, టైర్లు కొంత మింగినా మిగిలిందంతా బ్రేకుల్లో వేడిగా తేలుతుంది. బ్రేకు వేడెక్కితే డ్రమ్మును ఒరుసుకుని ఆపే లైనింగ్ పట్టు వదులుతుంది, డ్రమ్ము వ్యాకోచించి లైనింగ్‌కి దూరం జరుగుతుంది. పెడల్ నేలకి తగులుతుంది, బండి మాత్రం ఆగదు.

ఒక లీటరు చల్లటి నీళ్లు పూర్తిగా ఆవిరి కావాలంటే సుమారు 26 లక్షల జౌళ్లు కావాలి. పై వేడినంతా నీళ్లతోనే తీసేయాలంటే 110 లీటర్ల పైమాటే. పోసిన నీళ్లలో చాలా భాగం ఆవిరి కాకుండానే కారిపోతుంది కనుక, వందల లీటర్ల ట్యాంకు కేబిన్ వెనక ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమైంది కదా. దారిలో వాగుల దగ్గర ఆపి నింపుకునేవారు.

ఇందులో నేర్పు ఎక్కడుందంటే, నీళ్లు ఎప్పుడు వదలాలన్న దాంట్లో. డ్రమ్ము ఎర్రగా కాలాక చల్లటి నీళ్లు పడితే టప్పున పగులుతుంది. అందుకే దిగుడు మొదలవకముందే సన్నధారగా కుళాయి తిప్పాలి. చలికాలంలో ఆ కారిన నీళ్లే రోడ్డు మీద మంచుగడ్డ అయి వెనక వచ్చే బండికి యముడయ్యేవి.

ఇంజన్ బ్రేక్ ఉండేది కాదా?

పాత బళ్లకు లేదు, చిన్న గేరులో పెట్టి ఇంజన్‌తో ఆపుకోవడమే. 1931లో డీజిల్ ఇంజన్ల తయారీదారు క్లెస్సీ కమిన్స్ డీజిల్ ట్రక్కు మీద దేశం దాటే యాత్ర చేస్తూ కాలిఫోర్నియాలోని కాహోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు పట్టు వదిలాయి. కింద రైలు గేటు దగ్గర గూడ్స్ బండి దాటిపోయిన క్షణంలో వీళ్ల ట్రక్కు పట్టాలు దాటింది. ఆ భయం ఆయన్ని వదల్లేదు. ఎగ్జాస్ట్ వాల్వును సరిగ్గా కుదింపు చివర తెరిచి, ఇంజన్‌నే గాలి పంపులా మార్చే ఉపాయం పదవీ విరమణ తర్వాత కనిపెట్టాడు. జేకబ్స్ కంపెనీ 1961లో దాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది. అదే జేక్ బ్రేక్. కొండ దిగే లారీ నుంచి వచ్చే టపటపల మోత దానిదే.

ఏ ఇంజన్లు వాడేవారు?

డీజిల్‌కి ముందు పెట్రోలు రాజ్యం. హాల్-స్కాట్ 400 అనే ఆరు సిలిండర్ల ఇంజన్ 1,090 ఘనపు అంగుళాలు, సుమారు 300 హార్స్‌పవర్. అది తాగే పెట్రోలు చూస్తే యజమానికి కన్నీళ్లే, డ్రైవర్లకు మాత్రం ప్రాణం. తర్వాత డీజిళ్లు వచ్చాయి, కమిన్స్ ఎన్‌హెచ్-220, ఆ పైన టర్బో ఉన్న 335.

డెట్రాయిట్ 12వీ-71ది ఇంకో దారి. టూ స్ట్రోక్ డీజిల్, అంటే ప్రతి సిలిండర్ ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది. 2,100 ఆర్‌పీఎం (నిమిషానికి 2,100 చుట్లు) దగ్గర పన్నెండు సిలిండర్లు నిమిషానికి 25,200 సార్లు మండుతాయి. మామూలు డీజిల్‌లో ఇందులో సగమే. అందుకే అది గుర్రుమనదు, ఊళ పెడుతుంది. లోయకి అవతలి పక్క నుంచి కూడా ఏ బండి వస్తోందో చెప్పేయొచ్చు.

రెండు గేర్ లివర్లు ఎందుకు?

ప్రధాన గేర్‌బాక్స్ వెనక ఇంకో చిన్న గేర్‌బాక్స్ ఉంటుంది. ఒకటి ఐదు గేర్లు, రెండోది నాలుగు అయితే మొత్తం 20 కలయికలు. కొన్ని మార్పుల్లో రెండు లివర్లనూ ఒకేసారి కదపాలి. స్టీరింగ్ చక్రం కమ్మీల మధ్య నుంచి ఒక చెయ్యి దూర్చి ఒక లివరు, రెండో చేత్తో ఇంకోటి. ఆ రెండు క్షణాలు స్టీరింగ్‌ను మోచేతితో పట్టుకున్నట్టే. దిగుడు మధ్యలో గేరు తప్పితే మళ్లీ పడదు, అందుకే పైనే సరైన గేరు ఎంచుకుని కింద దాకా ముట్టుకోకుండా రావాలన్నది పాత డ్రైవర్ల నియమం.

ఒక్క దుంగతో బండి నిండిపోయిన ఫోటోలు నిజమైనవేనా?

నిజమైనవే. రెండు మీటర్ల అడ్డం, 12 మీటర్ల పొడవు ఉన్న డగ్లస్ ఫర్ చెట్టు దుంగ దాదాపు 38 ఘనమీటర్లు. పచ్చి కలప ఘనమీటరుకి సుమారు 600 కిలోలు, అంటే దాదాపు 23 టన్నులు. హైవే బండి మోయగలిగింది ఇంచుమించు అంతే. అలాంటి చెట్లు ఇప్పుడు చాలా తక్కువ మిగిలాయి. ఆ ఫోటోలు చూసినప్పుడు బండిని మెచ్చుకోవాలా, చెట్టుకి జాలిపడాలా అని నాకు ప్రతిసారీ సందేహమే.

పాత లాగింగ్ ట్రక్కు కొనాలనుంది. ముందు ఏం చూడాలి?

పెయింటు చూడకండి, ఛాసీ చూడండి. బంక్ కూర్చునే చోట, వెనక ముక్కు మొదట్లో పగుళ్లు, వాటి మీద వెల్డింగ్ అతుకులు తప్పకుండా ఉంటాయి. అతుకు ఉండటం తప్పు కాదు, అతుకు మీద అతుకు ఉంటేనే వదిలేయండి. ఛాసీ మీద కొట్టిన నంబరు, ప్లేటు మీది నంబరు కలుస్తున్నాయో లేదో చూడండి. ఇంజన్ మారి ఉండటం మామూలే, పనిచేసే బండికి నలభై ఏళ్లలో మూడు ఇంజన్లు మారినా ఆశ్చర్యం లేదు.

ఆఫ్-హైవే బళ్లు చాలావాటికి రిజిస్ట్రేషన్ కాగితాలే ఉండవు, ప్రభుత్వ రోడ్డు ఎక్కితే కదా. కొన్నా దాన్ని ఇంకో పెద్ద ట్రెయిలర్ మీద మోయించుకురావాలి.

ఏళ్ల తరబడి కదలని డెట్రాయిట్ ఇంజన్‌ను ఉత్సాహంగా స్టార్ట్ చేయొద్దు. ఇంధనం కొలిచే కడ్డీ బిగుసుకుపోయి ఉంటే ఇంజన్ పగ్గాలు లేకుండా వేగం పెంచుకుంటూ పోతుంది, తాళం తీసినా ఆగదు. ముందు ఆ కడ్డీ చేత్తో కదులుతుందా, గాలి మూసే రేకు పడుతుందా చూసుకోండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము పీలిస్తే ప్రమాదం, గాలి కొట్టి దుమ్ము దులపొద్దు.

ఇక అందరూ చేసే తప్పు, ట్రక్కు కొని ట్రెయిలర్‌ను వదిలేయడం. ట్రెయిలర్లు ఇనప సామాను కింద పోయాయి, అందుకే ట్రక్కు కన్నా దానికి జతైన ట్రెయిలర్ దొరకడం కష్టం. అది లేకపోతే మీ దగ్గరున్నది సగం బండే.

చక్రాల విషయంలో జాగ్రత్త అంటారు, ఎందుకు?

పాత రిమ్ములు ఒకే ముక్క కాదు, పక్కన టైరును పట్టి ఉంచే ఉక్కు కడియం, అంటే లాక్ రింగ్ ఉంటుంది. తుప్పు పట్టిన రింగ్ గాలి కొట్టేటప్పుడు ఊడితే తూటాలా ఎగురుతుంది, మనుషులు చచ్చిపోయారు. ఉక్కు బోనులో పెట్టి, దూరంగా నిలబడి గాలి కొట్టాలి. ఆ పని మీకు రాకపోతే, వచ్చినవాళ్లకి ఇవ్వండి. ఇందులో మొహమాటం వద్దు.

ఎక్కడికి వెళ్తే చూడొచ్చు?

వాంకూవర్ దీవిలో డంకన్ ఊళ్లోని బీసీ ఫారెస్ట్ డిస్కవరీ సెంటర్. ఒరెగాన్‌లో బ్రూక్స్ దగ్గర పసిఫిక్ నార్త్‌వెస్ట్ ట్రక్ మ్యూజియం, చిలోక్విన్ దగ్గర కాలియర్ లాగింగ్ మ్యూజియం. సముద్రం వైపు పోయే దారిలో ఎల్సీ దగ్గర క్యాంప్ 18 కూడా. అక్కడ భోజనం చేసి బయట ఆరుబయట ఉన్న యంత్రాల చుట్టూ తిరగొచ్చు.

చిన్న మోడల్ తయారుచేస్తున్నాను. నిజంలా కనిపించాలంటే ఏదైనా చిట్కా?

అందరూ తుప్పు రంగు వేసి ఊరుకుంటారు. ఒకసారి ఓ పాత ట్రెయిలర్ శుభ్రం చేయడంలో సాయపడ్డాను. బంక్ పిన్ చుట్టూ గ్రీజు, బెరడు పీచు కలిసి నల్లటి తారులా గట్టిపడి ఉంది, ఉలితో గీకితే గానీ రాలేదు. రీచ్ అంతా తుప్పే. కాంపెన్సేటర్ తొడుగు వెనక్కి లాగి లోపలి గ్రీజు తుడిచాక మాత్రం ఓ మూర పొడవున ఉక్కు అద్దంలా మెరిసింది, నా వేళ్లు అందులో కనిపించాయి. ఎన్ని వేల మలుపుల్లో జారి జారి అరిగిందో. మీ మోడల్‌లో ఆ మూర ముక్కకి తుప్పు రంగు వేయకండి.